బొమ్మకి రెండో వైపు

2010 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన ఒక వేలంలో టైపు చేసిన రెండు కాగితాలు 43 లక్షల డాలర్లకి పైగా పలికాయి. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు తన కొత్త ఆటకి రాసుకున్న పదమూడు నియమాలు ఆ కాగితాల మీద ఉన్నాయి. ఆ ఆటే బాస్కెట్‌బాల్. కొన్నాయన వాటిని ఇంట్లో దాచుకోకుండా, నైస్మిత్ చాలాకాలం పనిచేసిన కాన్సాస్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. ఆ తరవాత 2022 సెప్టెంబరులో, మైకేల్ జోర్డన్ 1998 ఫైనల్స్ మొదటి ఆటలో వేసుకున్న చొక్కా కోటి డాలర్లు దాటింది.

ఈ లెక్కలు విని మా ఆఫీసు మిత్రుడొకడు, "అయితే నీ దగ్గరున్న పాత ఫొటోలన్నీ అమ్మేస్తే కాండో వస్తుందా గురూ?" అని అడిగాడు. రాదు. కాండో సంగతి అటుంచండి, ఈ ఊళ్ళో ఒక నెల కారు పార్కింగుకి కూడా చాలదు. ఎందుకంటే నేను పోగుచేసేవి జోర్డన్ ఫొటోలు కావు. 1950 నుంచి 1980 దాకా సింగపూర్‌లో బాస్కెట్‌బాల్ ఆడిన బడిపిల్లలవి, క్లబ్బులవి, ఫ్యాక్టరీ జట్లవి. వాళ్ళెవరూ ప్రపంచానికి తెలియదు. చాలామంది పేర్లు వాళ్ళ ఫొటోలకే తెలియవు. ఆ పేర్లు వెతకడమే ఈ వ్యాపకంలో ఉన్న అసలు ఆట. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది బాగా నప్పుతుంది కాబట్టి ఈ శీర్షికలో రాస్తున్నాను.

సింగపూర్‌కీ బాస్కెట్‌బాల్‌కీ ఏమిటి సంబంధం?

ఇక్కడి హెచ్.డి.బి. ఇళ్ళ మధ్య నడిచినవాళ్ళకి రాత్రి తొమ్మిదింటికి కూడా బంతి టపటపలాడే చప్పుడు తెలిసే ఉంటుంది. మన ఊళ్ళలో ఖాళీ స్థలం కనబడితే వికెట్లు పాతినట్టు, ఇక్కడి చైనీయుల బళ్ళలో, ఊరి సంఘాల్లో, క్లబ్బుల్లో బాస్కెట్‌బాల్ వేళ్ళూనుకుంది. పెద్ద మైదానం అక్కర్లేదు, ఒక బంతీ రెండు స్తంభాలూ చాలు. గేలాంగ్ వైపు 'హ్యాపీ వరల్డ్' అని ఒక వినోదశాల ఉండేది. 1960లలో దాని పేరు 'గే వరల్డ్' అయింది. అందులోని ఇండోర్ స్టేడియంలో కుస్తీలూ, బాక్సింగూ, బాస్కెట్‌బాల్ పోటీలూ జరిగేవి. ఇప్పుడు అది లేదు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి సింగపూర్ బాస్కెట్‌బాల్ జట్టు వెళ్ళింది. అప్పటికి సింగపూర్ స్వతంత్ర దేశం కూడా కాదు, బ్రిటిష్ వలస. సోవియట్ యూనియన్, ఫ్రాన్స్, కెనడాలు ఉన్న గుంపులో పడింది. సోవియట్ జట్టులో యానిస్ క్రూమిన్ష్ అనే ఏడడుగుల పైచిలుకు ఆటగాడు ఉన్నాడు. అటు అమెరికా జట్టులో బిల్ రస్సెల్. మొత్తం 15 జట్లలో మనవాళ్ళది 13వ స్థానం. ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్నాక 'మనవాళ్ళు' అనడం తప్పు కాదనుకుంటాను. సింగపూర్ బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో కనబడింది ఆ ఒక్కసారే. అన్నట్టు, భారత జట్టు కూడా ఒక్కసారే వెళ్ళింది, 1980లో మాస్కోకి.

ఇవి దొరికేది ఎక్కడ?

ఒకప్పుడు సుంగే రోడ్డు సంతలో. రోచోర్ కాలవ పక్కన ఎండలో గుడ్డ పరిచి పాత గడియారాలూ, నాణేలూ, రికార్డులూ అమ్మేవారు. 'దొంగల బజారు' అని పేరు. 2017 జూలై 10న దాన్ని మూసేశారు. అక్కడ అట్టపెట్టె అడుగున ఎవరిదో కుటుంబం ఆల్బం మొత్తంగా దొరికేది. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక, ఫ్లాటు ఖాళీ చేసేటప్పుడు 'కారుంగ్ గుని' వాళ్ళని పిలుస్తారు. అంటే మన వీధుల్లో పాతపేపర్లూ, ఇనప సామాన్లూ కొనుక్కెళ్ళేవాళ్ళ లాంటివాళ్ళు. పేపర్ల కట్టతో పాటే ఫొటోలూ కిలోల లెక్కన వెళ్ళిపోతాయి. ఇప్పుడు వాటిలో కొన్ని కారౌసెల్ లాంటి యాప్‌లకి చేరుతున్నాయి. చాలావరకు ఎక్కడికీ చేరవు, పల్ప్ అయిపోతాయి.

అమెరికా నుంచి ప్రెస్ ఫొటోలు తెప్పించుకునేవారికి ఒక మాట. 2023 జనవరి 1 నుంచి 400 సింగపూర్ డాలర్ల లోపు పార్సిళ్ళకి కూడా జి.ఎస్.టి. వర్తిస్తోంది. 2024 నుంచి అది 9 శాతం. బేరం ఆడేముందు తపాలా ఖర్చుతో పాటు ఇదీ కలుపుకోండి.

గచ్చు మీద గీతలే కేలెండరు

తేదీ లేని ఫొటో చేతికొచ్చిందనుకోండి. మొహాలు చూడకండి, ముందు నేల చూడండి. బాస్కెట్‌బాల్ కోర్టు మీది గీతలు కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి. బుట్ట కింద ఉండే 'కీ' అనే ప్రాంతం అంతర్జాతీయ నిబంధనల్లో 1956 నుంచి 2010 దాకా, బుట్ట వైపు వెడల్పుగానూ ఇవతల ఇరుకుగానూ, లంగా ఆకారంలో ఉండేది. అంతకుముందూ, ఆ తరవాతా దీర్ఘచతురస్రమే. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ ఆటలోకి వచ్చింది 1984లో. అమెరికా ఎన్.బి.ఎ.లో అయితే 1979-80 సీజనులో. ఎన్.బి.ఎ. కీ వెడల్పు 1951లో ఆరడుగుల నుంచి పన్నెండుకి, 1964లో పదహారుకి పెరిగింది. సింగపూర్ ఫొటోల్లో ఇంకో గుర్తు జెండా. నెలవంకా, అయిదు నక్షత్రాల జెండా కనబడితే అది 1959 డిసెంబరు తరవాతి ఫొటో.

ప్రతి గుర్తూ 'ఇంతకంటే ముందు కాదు' అనో 'ఇంతకంటే తరవాత కాదు' అనో ఒక హద్దు చెబుతుంది. నాలుగు హద్దులు కలిస్తే మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. లాగ్ ఫైళ్ళు చూసి సర్వరు ఎప్పుడు పడిపోయిందో తేల్చడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే ఒక జాగ్రత్త. నిబంధన మారిన రోజునే ప్రతి వీధి కోర్టుకీ కొత్త రంగు వెయ్యరు. కాబట్టి కొత్త గీత ఉంటే అది గట్టి సాక్ష్యం, పాత గీత ఉంటే అది బలహీనమైన సాక్ష్యం.

కాగితం చెప్పే సాక్ష్యం

తరవాత కాగితం. పాత నలుపు-తెలుపు ఫొటో అంటే వెండి లవణాలు కలిపిన జిలటిన్ పూత పూసిన కాగితం. 1950ల మధ్య నుంచి ఫొటో కాగితంలో తెల్లదనం కోసం ఒక రసాయనం కలపడం మొదలైంది, బట్టల సబ్బు పొడిలో కలిపే లాంటిదే. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే అలాంటి కాగితం నీలంగా మెరుస్తుంది. '1948 నాటి అసలు ప్రింటు' అని అమ్మజూపిన ఫొటో పెళ్ళి పందిట్లో లైటులా మెరిసిందంటే, నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే. మెరవకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు, ఎందుకంటే ఆ తరవాత కూడా ఆ రసాయనం లేని కాగితాలు వచ్చాయి. 1970ల నుంచి ప్లాస్టిక్ పూత ఉన్న కాగితాలు వాడుకలోకి వచ్చాయి. వేలికి తగిలితేనే తేడా తెలుస్తుంది.

పత్రికల ఫొటోలకి అమెరికా బజారులో నాలుగు తరగతులు పెట్టారు. అసలు నెగటివ్ నుంచి, ఫొటో తీసిన సుమారు రెండేళ్ళలోపు వేసిన ప్రింటు మొదటి తరగతి. అదే నెగటివ్ నుంచి ఆ తరవాతెప్పుడో వేసినది రెండోది. నకలు నెగటివ్ నుంచో, తీగ మీద వచ్చిన బొమ్మ నుంచో అప్పట్లోనే వేసినది మూడోది. అలాంటిదే చాలాకాలం తరవాత వేస్తే నాలుగోది. బొమ్మ ఒకటే, ధరల్లో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

తీగ మీద బొమ్మ అంటే ఏమిటంటారా? అసోసియేటెడ్ ప్రెస్ 1935 జనవరి 1న 'వైర్‌ఫొటో' సేవ మొదలుపెట్టింది. ఫొటోని గుండ్రటి డ్రమ్ముకి చుట్టి తిప్పుతూ, ఒక కాంతి చుక్కతో గీత తరవాత గీతగా చదివి, ఆ వెలుగునీడల్ని విద్యుత్ సంకేతంగా మార్చి టెలిఫోను తీగ మీద పంపేవారు. అవతల ఇంకో డ్రమ్ము దాన్ని తిరిగి బొమ్మగా గీసేది. భూతద్దం పెట్టి చూస్తే ఆ గీతలు ఇప్పటికీ కనబడతాయి. 1957లో రసెల్ కిర్ష్ కంప్యూటర్‌కి కలిపిన స్కానర్‌తో తన పసివాడి ఫొటోని 176 × 176 పిక్సెళ్ళుగా చదివించాడు. అంటే మనం ఈవేళ ఫోనుతో పంపుకునే బొమ్మకి తాతముత్తాతలు వార్తాపత్రికల ఆఫీసుల్లో ఉన్నారన్నమాట.

నలభై తొమ్మిది అంటే ఏ సంవత్సరం?

నా దగ్గరికి వచ్చిన ఒక ఫొటో సంగతి చెబుతాను. పదకొండు మంది కుర్రాళ్ళు రెండు వరసల్లో ఉన్నారు. ముందు వరసలో మధ్యవాడి ఒళ్ళో బంతి. వెనకవైపు నాలుగు వరసల చైనీస్ రాత, చివర్న 'నలభై తొమ్మిది' అన్న అంకె. అమ్మినతను '1949 నాటిది' అన్నాడు. చూడటానికి న్యాయంగానే ఉంది.

కానీ కోర్టు మీద లంగా ఆకారం గీతలు సగం కనబడుతున్నాయి. అవి 1956కి ముందు ఉండటానికి వీల్లేదు. కాగితం కూడా నీలంగా మెరిసింది. మరి నలభై తొమ్మిది ఏమిటి? పక్క సీట్లో కూర్చునే మా సహోద్యోగిని అడిగాను. ఆ రాత పాత సంప్రదాయ లిపిలో ఉందిట. ఇక్కడి బళ్ళలో 1969 నుంచి సరళ లిపి రావడంతో ఆమెకి సగమే అర్థమైంది. ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారికి చూపించింది. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. అది చైనా రిపబ్లిక్ కేలెండరు. దాంట్లో 1912 మొదటి సంవత్సరం. కాబట్టి నలభై తొమ్మిది అంటే 1960.

యూనిక్స్ గడియారం 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుందని మనందరికీ తెలుసు. లెక్క ఎక్కణ్ణుంచి మొదలైందో తెలియకపోతే టైమ్‌స్టాంపు ఒట్టి అంకె. అదే సూత్రం ఒక ఫొటో వెనక సిరాతో రాసి ఉంది!

సంవత్సరం తెలిశాక మిగతాది సులువైంది. సింగపూర్ నేషనల్ లైబ్రరీ వారి 'న్యూస్‌పేపర్ ఎస్‌జి'లో పాత పత్రికలు స్కాన్ చేసి, అక్షరాలు గుర్తింపజేసి, వెతకడానికి వీలుగా పెట్టారు. ఇంగ్లీషు 'స్ట్రెయిట్స్ టైమ్స్' తో పాటు చైనీస్ 'నాన్యాంగ్ సియాంగ్ పావ్' కూడా ఉంది. పాత అచ్చుని యంత్రం సరిగా చదవలేదు కాబట్టి పేరు మొత్తంగా వెతికితే దొరకదు. రెండేసి అక్షరాలుగా విడగొట్టి వెతకాలి. అలా వెతగ్గా వెతగ్గా ఆ క్లబ్బు పేరు తగిలింది. ఆ క్లబ్బు ఇప్పటికీ ఉంది! వాళ్ళు ఎనభై దాటిన ఒక పెద్దాయన దగ్గరికి పంపించారు.

ఆయన ఫొటోని చాలాసేపు చూశారు. తొమ్మిది మంది పేర్లు చెప్పారు. అందులో తన పేరు లేదు. ఆయన ఆ రోజు ఆడలేదుట, బస్సు టిక్కెట్లకి డబ్బులు పోగుచేసే పని ఆయనది. మిగిలిన ఇద్దరిలో ఒకరి ఇంటిపేరు మాత్రం గుర్తుంది. రెండోవారు ఎవరో తెలియలేదు. చివరికి అడిగారు, "దీనికి ఇంకో కాపీ తీయగలవా? నాకు కాదు. ఈ గోల్‌కీపర్‌లా నిలబడ్డాడే, వీడి కూతురి కోసం. వాళ్ళింట్లో వీడి కుర్రతనం ఫొటో ఒక్కటీ లేదు."

అసలు ప్రింటు క్లబ్బుకే ఇచ్చేశాను. నా దగ్గర స్కాన్ ఉంది, పదకొండింట తొమ్మిది పేర్లున్నాయి. పాత సామాన్ల లెక్కలో ఆ కాగితం ఖరీదు ఒక కప్పు కోపీ. ఆ కూతురికి దాని ఖరీదు ఏ వేలం పాటా కట్టలేదు. ఇంకో రెండు మూడేళ్ళు ఆగి ఉంటే ఆ తొమ్మిది పేర్లూ చెప్పేవారు ఉండేవారో లేదో.

గాలిలో నీళ్ళు, కాగితం మీద బూజు

సింగపూర్ గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. ఫొటోలకి ఇంతకంటే శత్రువు లేదు. తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది. జిలటిన్ మెత్తబడి ఫ్రేము అద్దానికి అతుక్కుపోతుంది. ఆ తరవాత అద్దం పీకితే బొమ్మ కూడా ఊడి వస్తుంది. అందుకే అద్దానికీ ఫొటోకీ మధ్య అట్ట అంచు పెట్టి కాస్త ఖాళీ వదలాలి. కెమెరా లెన్సుల కోసం ఇక్కడ దొరికే డ్రై క్యాబినెట్ ఫొటోలకీ పనికొస్తుంది. 40-50 శాతం మధ్య పెట్టుకుంటే చాలు. మరీ ఆరబెడితే ప్రింటు అప్పడంలా చుట్టుకుపోతుంది. పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లూ, జిగురు పేజీల ఆల్బములూ వద్దు. ఆమ్లం లేని కాగితం కవర్లు వాడండి. వెనకాల బాల్‌పెన్నుతో రాయకండి. మెత్తటి పెన్సిలుతో, అంచుమీద, గట్టి నేల మీద పెట్టి తేలిగ్గా రాయాలి.

స్కాన్ సంగతి. ఎనిమిది అంగుళాలకి పది అంగుళాల ప్రింటుని అంగుళానికి 600 చుక్కలతో స్కాన్ చేస్తే 4800 × 6000 పిక్సెళ్ళు, అంటే 2 కోట్ల 88 లక్షలు. రంగుల్లో 24 బిట్లతో టిఫ్‌గా దాస్తే 86 మెగాబైట్ల పైచిలుకు. నలుపు-తెలుపు ఫొటోకి రంగుల స్కాన్ ఎందుకంటే, మరకలూ, సిరా ముద్రలూ, ఎడిటరు ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలూ అందులోనే తెలుస్తాయి. ముఖ్యంగా, రెండు వైపులా స్కాన్ చెయ్యండి. ముందువైపు బొమ్మ, వెనకవైపు మెటాడేటా. ప్రతి ఫైలుకీ షా-256 మొత్తం తీసి పెట్టుకోండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం ఇక్కడా చెల్లుతుంది.

కృత్రిమ మేధతో పాత ఫొటోలకి రంగులు వెయ్యడం, మసక మొహాల్ని పదును పెట్టడం ఇప్పుడు క్షణాల్లో పని. సరదాకి నేనూ చేస్తాను. కానీ ఒకసారి జెర్సీ మీది చైనీస్ అక్షరాన్ని ఆ సాఫ్ట్‌వేర్ 'బాగుచేసి' ఏ భాషలోనూ లేని అక్షరంగా మార్చేసింది. అక్షరం కాబట్టి పట్టుబడింది. మొహాన్ని అలాగే మార్చితే పట్టుకునేదెవరు? అది లేని వివరాన్ని కనిపెట్టదు, కల్పిస్తుంది. కాబట్టి మూల స్కాన్‌ని ముట్టుకోకండి. మార్చిన దానికి వేరే పేరు పెట్టి, మార్చినట్టు రాయండి.

స్కాన్ ఉంది కదా, కాగితం ఎందుకు?

ఈ మాట చాలామంది అంటారు. పత్రికలూ అనుకున్నాయి. 2013లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలోని ఫెయిర్‌ఫాక్స్ పత్రికల పాత ఫొటోలు లక్షల సంఖ్యలో అమెరికాలోని ఆర్కన్సాకి ఓడెక్కాయి. అక్కడి ఒక వ్యాపారి వాటిని డిజిటైజ్ చేసి ఫైళ్ళు ఇస్తాడు, బదులుగా ప్రింట్లు అతను అమ్ముకుంటాడు. ఇదీ ఒప్పందం. 2014లో అతని మీద ఎఫ్.బి.ఐ. దాడి జరిగింది, కంపెనీ కూలిపోయింది, 2017లో మోసం కేసులో అతనికి జైలు శిక్ష పడింది. రెండు దేశాల జ్ఞాపకాలు పరాయి దేశంలో గోదాములో ఇరుక్కుపోయాయి. కొన్ని తిరిగి ఇల్లు చేరడానికి ఏళ్ళు పట్టింది. అసలుని వదిలేసే ముందు నకలు చేతికొచ్చిందా, తెరుచుకుంటోందా అని చూసుకోవాలన్నది మన వృత్తిలో మొదటి ఏడాదే నేర్పే పాఠం.

ఒక ఫొటో ఎంత మొయ్యగలదో చూడాలంటే 1962 మార్చి 2 తలుచుకోవాలి. పెన్సిల్వేనియాలోని హెర్షీలో విల్ట్ చాంబర్లెన్ ఒక్కడే వంద పాయింట్లు కొట్టాడు. ఆ ఆటకి వీడియో లేదు. పాల్ వాథిస్ అనే ఫొటోగ్రాఫరు ఆ రోజు కొడుకుతో కలిసి ఊరికే ఆట చూడ్డానికి వచ్చి, సంగతి కనిపెట్టి కారులోంచి కెమెరా తెచ్చాడు. '100' అని రాసిన కాగితం ముక్క పట్టుకున్న చాంబర్లెన్ బొమ్మ అలా మిగిలింది. ఆ కాగితమే లేకపోతే అది బల్ల మీద కూర్చున్న అలసిన మనిషి ఫొటో, అంతే. బొమ్మకి అర్థమిచ్చింది దాంట్లో రాసి ఉన్న మూడంకెలు.

ఇంకో మాట. ప్రింటు కొన్నంత మాత్రాన కాపీరైటు మనది కాదు. పుస్తకంలో వెయ్యాలన్నా, చొక్కాల మీద అచ్చెయ్యాలన్నా హక్కు ఎవరిదో కనుక్కోవాలి.

ఇక మన సంగతి

బాస్కెట్‌బాల్ మీద మీకు ఆసక్తి లేకపోవచ్చు. ఫరవాలేదు. సింగపూర్ తెలుగు సమాజం 1975 నాటిది. అమెరికాలో, గల్ఫ్‌లో, ఆస్ట్రేలియాలో మనవాళ్ళ సంఘాలకీ దశాబ్దాల వయసు వచ్చింది. తొలి ఉగాది వేడుకలు, వాలీబాల్ పోటీలు, అద్దె హాల్లో వేసిన నాటకాలు, ఆ ఫొటోలన్నీ ఎవరెవరి సూట్‌కేసుల్లోనో ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పగలిగినవాళ్ళు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. సింగపూర్ జాతీయ ఆర్కైవ్స్ 2015లోనే 'సిటిజన్ ఆర్కివిస్ట్' అని ఒక పథకం పెట్టి, వివరాలు తెలియని పాత ఫొటోలకి వివరాలు రాయమని జనాన్నే అడిగింది. అలాంటిది మన సంఘాలకి చెయ్యడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక స్కానరు, ఒక స్ప్రెడ్‌షీటు, ఒక ఆదివారం మధ్యాహ్నం, కాఫీ ఫ్లాస్కు, ఓపిగ్గా వినే మనిషి చాలు.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అల్మారా పైన ఉన్న ఆల్బం దింపండి. ఫొటోలు స్కాన్ చెయ్యడం తరవాతి సంగతి. ముందు అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, "వీళ్ళెవరు?" అని ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి అడగండి. చెప్పింది చెప్పినట్టు పెన్సిలుతో వెనకాల రాయండి.